చావింటికి తోడు

మా ఆదివారం గుంపుకి పేరు లేదు, బోర్డు లేదు, చందా లేదు. ఉన్నది ఒకే ఒక్క నియమం. చావింటికి ఎవరూ ఒంటరిగా పోకూడదు. పెళ్లికి పోవచ్చు, బోనాలకు పోవచ్చు, అక్కడ ఏదో సాకు చెప్పి తప్పించుకోవచ్చు. చావింట్లో అలా కుదరదు. శామీర్‌పేట, మేడ్చల్ వైపు ఊళ్లలో మనిషి పోతే, కాష్ఠం కాలి వెనక్కి వచ్చాక కల్లు కుండలు దిగుతాయి. పోయినవాళ్ల పేరు మీద ఒక గుక్క తాగాలి. కాదన్నవాణ్ణి ఎవరూ తిట్టరు, ఏడుస్తూ బతిమాలతారు. తిట్టేవాణ్ణి తట్టుకోవచ్చు గానీ ఏడ్చేవాణ్ణి తట్టుకోవడం మాలాంటి తాగుబోతులకు చేతకాదు. అందుకని మాలో ఎవరు చావుకు పోవలసి వచ్చినా ఇంకొకరు వెంట వెళ్లి, పక్కన కూర్చుని, వాళ్లు లేచేదాకా లేవకూడదు. ఆ నియమం నేను ఒక్కసారి తప్పాను. ఇప్పుడు రాస్తున్నది ఆ ఒక్కసారి గురించే.

మాది కోస్తా. మేడ్చల్ దగ్గర పంపులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో స్టోర్‌కీపరుగా చేసేవాణ్ణి. కాపురం సుచిత్ర చౌరస్తా దగ్గర అద్దె ఇంట్లో. తొంభైల్లో మద్యనిషేధం వచ్చింది, పోయింది. అందరూ షాపులు ఉన్నప్పుడు తాగితే, నేను షాపులు మూసేసిన రోజుల్లో ఎక్కువ తాగాను. దొరకనిదాన్ని వెతుక్కునే మొండితనం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. మొండితనం మంచి పనికి ఉపయోగించి ఉంటే ఈపాటికి మేనేజర్నయ్యేవాణ్ణి. చివరికి ఒకరోజు స్టోర్ తాళాలు ఎక్కడ పారేసుకున్నానో గుర్తులేక ఒక షిఫ్టు పని మొత్తం ఆగిపోయింది. ఆస్పత్రిలో చేరితేనే ఉద్యోగం ఉంటుందని మేనేజరు చెప్పాడు. మా ఆవిడ ఆ మాట విని దేవుడికి దండం పెట్టుకుంది.

ఆస్పత్రిలో నా పక్కమంచం మనిషిది శామీర్‌పేట. చెరువులో చేపలు పట్టడం వాళ్ల తాతల నాటి పని. నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్నవాడు. వలతాడు కోసిన గీతలు అరచేతుల నిండా ఉండేవి. చేరిన రోజు నా చేతులు వణుకుతూ గ్లాసులో నీళ్లు ఒలికిపోతుంటే చూసి నవ్వాడు.

"ఏంది సార్, నీకు గూడ గిట్లనే ఉన్నదా? నావి సూడు, వలల పడ్డ చేప లెక్క కొట్టుకుంటున్నయ్."

నాకు ఒళ్లు మండింది. ఈ మనిషీ నేనూ ఒకటేనా అనుకున్నాను. నాలుగు రోజులయ్యేసరికి ఒకటేనని తెలిసిపోయింది. అతను నా గ్లాసు పట్టుకుని తాగించాడు. అతని మందుల చీటీ నేను చదివి పెట్టాను.

ఇంటికి పంపించే రోజు డాక్టరు అతని భార్యను పిలిచి నా ముందే చెప్పాడు. కాలేయం చాలావరకు పాడైంది, ఇప్పుడు ఆపేస్తే మనవళ్లను చూస్తాడు, మళ్లీ మొదలుపెడితే ఏడాది కూడా గ్యారంటీ ఇవ్వలేనన్నాడు. ఆమె సన్నగా, పొట్టిగా ఉండేది. ఆ మాటలు బడిపిల్లలా తనలో తాను రెండుసార్లు చెప్పుకుంది. తర్వాత డాక్టరు నా వైపు తిరిగాడు. "ఇక్కడ నెల రోజులు మేం కాపలా ఉన్నాం. బయట మీకు మీరే కాపలా. ఒక్కరే ఉండకండి" అన్నాడు.

అలా మేమిద్దరం ఆదివారం గుంపులో చేరాం. శామీర్‌పేటలో రోడ్డుకు కాస్త లోపల ఒక మూతపడ్డ రైసుమిల్లు ఉండేది. దాని ముందు రేకుల వసారా, ఒక పొడుగాటి బల్ల, చాపలు. మాకు పెద్ద రిటైరైన బస్సు డ్రైవరు. తాగడం మానేసి ఆరేళ్లయింది. అందరం డ్రైవరన్న అనేవాళ్లం. కూడుకునేది ఆదివారం పొద్దున పదింటికి. ఆ టైము ఊరికే పెట్టలేదు. ఆదివారం పదింటికి మటన్ కొట్టు ముందు వరస, పదకొండింటికి కల్లు కాంపౌండులో వరస. ఆ రెండు గంటలూ గట్టెక్కితే వారం గట్టెక్కినట్టే అనేవాడు డ్రైవరన్న.

ఒక్కొక్కరూ ఆ వారం ఎలా గడిచిందో చెప్పాలి. వినేవాళ్లు సలహా ఇవ్వకూడదు. అబద్ధం ఆడకూడదు. ఆఖర్లో టీ, గ్లూకోజు బిస్కెట్లు. మొదట్లో నాకిది పిల్లల ఆటలా అనిపించేది. చదువుకున్నవాణ్ణి కదా, పది మంది ముందు "మంగళవారం సాయంత్రం మేడ్చల్ బస్టాండులో నా కాళ్లు వైన్‌షాపు వైపు తిరిగాయి" అని చెప్పడం నామోషీగా ఉండేది. నా వంతు వస్తే వాతావరణం గురించి మాట్లాడేవాణ్ణి. చేపలాయన మాత్రం ఏదీ దాచుకునేవాడు కాదు. "నిన్న మా పిల్లగాని మీద చెయ్యెత్తిన. తాగలే. తాగకుంటెనె గింత కోపం ఉంటె, తాగినప్పుడు ఎంతుండెనో అని నాకే భయమైంది" అన్నాడొకసారి. ఆ మాట విన్నాక నేను వాతావరణం మానేశాను.

అతను నాకు తోడు వచ్చిన రోజు కూడా చెప్పాలి. అది చెప్పకపోతే నేను చేసిన పని ఎంత నీచమో తెలియదు.

ఫ్యాక్టరీకి పెద్ద ఆర్డరు వచ్చిందని శామీర్‌పేట దగ్గర ఒక తోటలో పార్టీ ఇచ్చారు. పోకపోతే మేనేజరుకు కోపం, పోతే నాకు ప్రమాదం. నియమం చావింటికే గానీ పార్టీకి కాదు. అయినా ఆదివారం విషయం చెప్పగానే చేపలాయన తానే వస్తానన్నాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, తలకు నూనె రాసుకుని, తోట గేటు దగ్గర నాకంటే ముందే నిలబడ్డాడు. చేపల వాసన రాకుండా రెండుసార్లు స్నానం చేశానని నా చెవిలో చెప్పాడు. ఎవరని అడిగితే దూరపు బంధువన్నాను. "దూరమేంది, పది కిలోమీటర్లే గద" అని అతను నవ్వించాడు.

సాయంత్రమంతా నా పక్క కుర్చీ వదల్లేదు. కూల్‌డ్రింకులు ఆరు తాగాడు. మా సెక్షన్‌లో ఒకాయన గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టి, మీద చెయ్యివేసి, తాగితే గానీ వదలనన్నాడు. వేళ్లు గ్లాసు చుట్టూ బిగుసుకున్నాయి. వాసన ముక్కుకు తగిలింది. చేపలాయన లేచి నిలబడి, ఎంతో మర్యాదగా గ్లాసు నా చేతిలోంచి తీసుకుని వెయిటరు పళ్లెంలో పెట్టేశాడు. "సార్‌కు షుగరున్నది. డాక్టర్ గట్టిగ జెప్పిండు. ఏమన్నైతె మీకే పరేషాన్" అన్నాడు. అబద్ధమే. తనకోసం అతను అబద్ధమాడగా నేను ఎప్పుడూ వినలేదు.

తిరిగి వస్తూ బస్టాపు దగ్గర అతని చెయ్యి పట్టుకుని, నీకు ఎప్పుడు అవసరమైనా నేనుంటానన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో.

అప్పటికి మేమిద్దరం మానేసి ఏడాది దాటింది. అతని ముఖం నిండుకుంది. సొంతంగా కొత్త వల కొన్నాడు. వాళ్లమ్మ కొడుకు చేతి తిండి తింటున్నానని ఊరంతా చెప్పుకునేది. రెండువేల సంవత్సరం దాటాక మేమూ సుచిత్రలో రెండు గదుల ఫ్లాటు కొనుక్కున్నాం. బౌరంపేట, బహదూర్‌పల్లి పొలాలు ప్లాట్లు అవుతున్న రోజులు, ఇప్పుడు కొనకపోతే ఇంకెప్పుడూ కొనలేమని మా ఆవిడ పట్టుబట్టింది. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించాం. ఆవిడ అన్నదమ్ములు, నా అక్కచెల్లెళ్లు కోస్తా నుంచి దిగారు. ఆదివారం గుంపులో నేను ఒక్కరినీ పిలవలేదు. వాళ్లెవరని బంధువులు అడిగితే ఏం చెప్పాలి? ఆస్పత్రి సంగతి మా వాళ్లకు తెలియదు. కామెర్లని చెప్పి దాటేశాం.

గృహప్రవేశానికి ముందురోజు చేపలాయన ఫ్యాక్టరీ గేటు దగ్గరకు వచ్చాడు. గడ్డం మాసి ఉంది, కళ్లు ఉబ్బి ఉన్నాయి. వాళ్లమ్మ అంతకుముందు రోజు పోయింది.

"డ్రైవరన్న ఉన్నడు సార్ నిన్న. పక్కపొంటి కూసొని, నన్ను కదలనియ్యలే. తాగకుంటెనె గడిసింది. రేపు మూడొద్దులు. కాకికి పెడ్తం. అన్నకు రేపు కంటి ఆపరేషనున్నది. నువ్వు రావాలె సార్."

"వస్తాను తమ్ముడూ. ఎన్నింటికి?"

"ఎనిమిదింటికి. మా కాక ఒకడున్నడు. మస్తు మొండోడు. నాతోని గాదు, నువ్వుండాలె."

తప్పకుండా వస్తానన్నాను. రేపు మా గృహప్రవేశమని చెప్పలేదు. చెబితే పిలవలేదేమని అడుగుతాడని భయం. ముహూర్తం తెల్లవారుజామున కదా, ఏడింటికల్లా బయటపడొచ్చని లెక్కేసుకున్నాను. మనసులో ఇంకో మాట కూడా ఉంది. మా ఇళ్లలో మూడోరోజంటే అస్థికలు ఏరుకొచ్చే చిన్నపని. కాకికి పిండం పెట్టడం, జనం కూడటం పదోరోజునే. అసలు గండం మొదటిరోజు గడిచిపోయింది కదా, మళ్లీ పదోరోజు చూసుకోవచ్చులే అనుకున్నాను. ఆ ప్రాంతంలో అన్నేళ్లుగా బతుకుతూ అక్కడివాళ్లు తమవాళ్లను ఎలా సాగనంపుతారో తెలుసుకోలేదు. అతను చెప్పినా చెవిన వేసుకోలేదు.

మర్నాడు మా ఫ్లాటు రెండో అంతస్తులో ఉండటం వల్ల ఆవును మెట్లెక్కించడానికే చాలా సేపు పట్టింది. అది మొదటి మలుపులో మొరాయించింది. ముందు నుంచి అరటిపండు చూపించేవాళ్లు, వెనక నుంచి నెట్టేవాళ్లు. మా బావమరిది దానికి దండం పెట్టాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పాలు పొంగేసరికి ఆరున్నరయింది. పంతులుగారు సత్యనారాయణ వ్రతానికి మండపం సర్దుతున్నారు. ఏడుంబావుకు మా ఆవిడను వంటగదిలోకి పిలిచి, నేను బయటికెళ్లాలని చెప్పాను.

"ఎక్కడికండీ?"

"శామీర్‌పేట. చేపలాయన వాళ్లమ్మ పోయింది. ఈరోజు మూడోరోజు. నేను పక్కన లేకపోతే వాడు తాగేస్తాడు."

"పాలు పొంగించిన చేత్తో మైల ఇంటికి వెళ్తారా? పీటల మీద నేనొక్కదాన్నే కూర్చోవాలా?" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "పదిహేనేళ్లండీ. మీరు ఏ కాలవగట్టున పడున్నారో వెతుక్కుంటూ పదిహేనేళ్లు తిరిగాను. ఈ ఒక్కపూట నాకివ్వలేరా?"

నేను అగ్గిమీద గుగ్గిలమయ్యాను. పెద్దగా అరిచాను కూడా. బయట బంధువులు మాటలు ఆపేశారు. ఆ తర్వాత వెళ్లి పీటల మీద కూర్చున్నాను. ఈ విషయంలో నేను మా ఆవిణ్ణి ఎప్పుడూ తప్పుపట్టలేదు. ఆమెకు తెలిసింది ఆమె అడిగింది. నిజం చెప్పాలంటే, ఆమె ఆపడం నాకు హాయిగానే ఉంది. కొత్త పట్టుపంచె కట్టుకుని, అక్కచెల్లెళ్ల ముందు ఇంటి యజమానిలా కూర్చోవడం నాకు బాగుంది. పంతులుగారు ఒక్కో కథ చదువుతుంటే ఎనిమిదయింది, తొమ్మిదయింది. నేను గడియారం వైపు చూడటం మానేశాను.

అక్కడ ఏం జరిగిందో డ్రైవరన్న తర్వాత చెప్పాడు. అతనికి చేపలాయన భార్య చెప్పింది.

చెరువుగట్టు కింద విస్తరి వేసి అన్నం, కూర, వాళ్లమ్మకు ఇష్టమని దొప్పలో కల్లు పెట్టారట. అందరూ దూరంగా జరిగి కూర్చున్నారు. కాకులు గట్టుమీద వాలాయి గానీ విస్తరి దగ్గరకు రాలేదు. అరగంట చూశారు. వాళ్ల కాక, అంటే బాబాయి, మొదలుపెట్టాడు. "పెద్దకొడుకు ముట్టని కల్లు కాకి ముడ్తదారా? నీ తల్లి అలిగింది. ఒక్క గుక్క పట్టు. తల్లి కంటె నీ డాక్టర్ ఎక్కువనా?" చేపలాయన చేతులు జోడించి, "జర ఆగు కాక, మా సార్ వస్తుండు" అన్నాడట. ఇంకో అరగంటయింది. ఎండ ఎక్కింది. ఆడవాళ్లు ఏడుస్తున్నారు, ముసలామె ఆత్మ అలమటిస్తోందని. అతను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. దాదాపు పదింటికి దొప్ప అందుకున్నాడు.

అతను తాగిన కాసేపటికి కాకి వచ్చి ముద్ద ముట్టింది. రాకుండా ఉంటే ఈ ఆచారం ఉత్తదని అతనికి అర్థమయ్యేదేమో. వచ్చి ముట్టింది. ఆ కాకి మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆ తర్వాత అతనికి తల్లి కోసం రోజూ తాగడానికి అడ్డేముంది? దినాలు అయ్యేదాకా కల్లు. ఆపైన కాంపౌండులో మత్తు కలిపిన కల్లు. ఆపైన గుడుంబా సారా.

దినాలయ్యాక ఒక ఆదివారం మిల్లు దగ్గరకు వచ్చాడు. వసారా పక్క కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు. మిగతావాళ్లు ఇంకా రాలేదు. వాసన వస్తోంది. నేను దగ్గరకు వెళ్లి ఆరోజు మా ఇంట్లో గృహప్రవేశమని, రాలేకపోయానని చెప్పాను. అతను తడి ముఖంతోనే నా వైపు చూశాడు.

"మంచిదే గద సార్. ఇల్లు మళ్ల మళ్ల అయితదా" అన్నాడు.

అందరూ కూర్చున్నాక అతను తాగిన సంగతి అతనే చెప్పాడు, ఏదీ దాచకుండా. కంటికి కట్టుతో ఉన్న డ్రైవరన్న అందరి వైపు తిరిగి, "మూడొద్దుల నాడు తోడు ఎవలు పోయిండ్రు?" అని అడిగాడు.

నేను నోరు తెరిచాను. నాకంటే ముందు చేపలాయనే అందుకున్నాడు.

"సార్ వస్తనన్నడన్నా. నేనె వద్దన్న. వాళ్లింట్ల పండుగున్నది."

అబద్ధం ఆడకూడని చోట అతను మొదటిసారి అబద్ధమాడాడు, అదీ నా కోసం. నేను కాదని చెప్పాలి. చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా తలవంచుకుని కూర్చుని, టీ ఇస్తే టీ తాగాను, బిస్కెట్టు ఇస్తే బిస్కెట్టు తిన్నాను. రాకపోవడం ఒక తప్పు. ఈ ఊరుకోవడం దానికంటే పెద్దది. తాగినవాడు నిజం చెప్పి తలెత్తుకుని కూర్చున్నాడు, తాగనివాణ్ణి నేను అతని ముఖం చూడలేకపోయాను. ఆరోజే ఒప్పుకుని ఉంటే మళ్లీ పట్టుకునేవాణ్ణేమో అతన్ని. ఏ ముఖం పెట్టుకుని వాళ్లింటికి వెళ్లి తాగొద్దని చెప్పను? వెళ్లడమే మానేశాను. అతను కూడా ఆదివారాలు రావడం మానేశాడు.

డ్రైవరన్న వారానికోసారి వెళ్లి వచ్చేవాడు. రెండుసార్లు కల్లు కాంపౌండు నుంచి చెయ్యిపట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు. ఐదో నెలలో పొట్ట ఉబ్బి, కళ్లు పసుపుముద్దల్లా అయ్యి ఆస్పత్రిలో పడ్డాడు. అదే ఆస్పత్రి, ఈసారి వేరే వార్డు. డ్రైవరన్న బలవంతాన నన్నూ లాక్కెళ్లాడు. అతను గుర్తుపట్టి నవ్వాడు. గొంతు సరిగ్గా రావడం లేదు.

"సార్, కొత్తిల్లు మంచిగున్నదా? గాలి వస్తదా?"

వస్తుందన్నాను. అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. ఉంటే బాగుండేది. చిన్నప్పటి నుంచి చెరువుగట్టున పెరిగినవాడు, ఇల్లంటే గాలి వస్తుందా లేదా అనే అడుగుతాడు. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

ఎనిమిది రోజులకు పోయాడు.

మొదటిరోజూ వెళ్లాను, మూడోరోజూ వెళ్లాను. కారణం చెప్పకుండా ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, తెల్లారి మొదటి బస్సుకే బయల్దేరాను. మా ఆవిడే సంచిలో పళ్లు పెట్టి పంపింది. చెరువుగట్టు కింద అదే చోటు. అదే విస్తరి, అన్నం, చేపల కూర, దొప్పలో కల్లు. అతని కొడుకు పదేళ్లవాడు, గుండుతో, ఎవరు ఏం చెబితే అది చేస్తున్నాడు. అందరం దూరంగా జరిగి కూర్చున్నాం. కాకులు గట్టుమీదే ఉన్నాయి. దగ్గరకు రాలేదు.

వాళ్ల కాక నోరు ఈసారి మెత్తబడింది. ముసలాయన ఏడుస్తున్నాడు. డ్రైవరన్న టీ తేవడానికి రోడ్డు మీదికి వెళ్లాడు. ముసలాయన నిండు దొప్ప ఒకటి తీసుకుని నా దగ్గరకు వచ్చి, రెండు చేతులా పట్టుకుని వంగాడు.

"సార్, పిల్లగానికి తాపియ్యలేం. నువ్వు వాని దోస్తువు. నీ పేరె అంటుండె ఎప్పుడు. వాని పేరు మీద ఒక్క గుక్క ముట్టు. కాకొస్తది. నీ కాల్మొక్త."

నేను దొప్ప అందుకున్నాను. కల్లు నా వేళ్ల మీద ఒలికింది. తాగాలనిపించింది, దాహంతో కాదు. అతను ఇక్కడే కూర్చుని ఇదే పట్టుకున్నాడు కదా, నా కోసం చూసి చూసి. నేను తాగితే అతని పక్కన ఇప్పుడైనా కూర్చున్నట్టు అవుతుందనిపించింది. ఏడాదిన్నర దాటింది నేను మానేసి. అదంతా నాకు ఆ క్షణాన గడ్డిపోచ. దొప్ప పెదాల దాకా వచ్చింది.

"సార్ పక్కపొంటి ఎవలు లేరేంది?"

అతని భార్య గొంతు. ఆడవాళ్ల మధ్య నుంచి లేచింది. కొత్తగా భర్తను పోగొట్టుకున్న మనిషి ఆ రోజు మగవాళ్లు కూర్చున్న వైపు రాకూడదట, ఎవరో వెనక్కి లాగుతున్నారు. చెయ్యి విదిలించుకుని వచ్చింది. నా పక్కన మట్టిలో కూర్చుంది, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా. మా నియమం ఆమెకు తెలుసు. ఏడాదిపాటు అతను ప్రతి ఆదివారం ఇంటికెళ్లి అన్నీ చెప్పేవాడు.

నేనిక ఆగలేకపోయాను. "అమ్మా, ఆరోజు వాడు నన్ను వద్దనలేదు. రమ్మన్నాడు. గేటు దగ్గరకొచ్చి రమ్మన్నాడు. వస్తానని చెప్పి నేనే రాలేదు" అన్నాను.

"తెల్సు సార్."

విస్తరి వైపే చూస్తోంది.

"నేను గీడనే ఉన్న గద. తొవ్వ దిక్కే సూసుకుంట గూసున్నడు. సార్ బస్సు దొర్కలేదేమో అన్నడు. మళ్ల కొంచెం సేపటికి, సార్‌కు డ్యూటీ ఉన్నదేమో అన్నడు. ఇగ తర్వాత ఏం అనలే."

నా చేతిలోంచి దొప్ప తీసుకుంది. గట్టిగా లాగలేదు. అతను తోటలో గ్లాసు తీసుకున్నట్టే, మెల్లగా. పక్కన మట్టిలో ఒంపేసి ముసలాయన వైపు చూసింది. "కాకి రాకుంటె రాకపాయె కాక. ఈయన లేసేదాంక నేను లెవ్వ" అంది.

కాకి రాలేదు. మధ్యాహ్నం దాకా చూసి, విస్తరి ఎత్తి చెరువులో వదిలారు. చేపలు పైకి వచ్చి అన్నం తిన్నాయి. ఆమె మెడలో పసుపుతాడు ఇంకా తియ్యలేదు, దినాల దాకా ఉంటుంది. ఎండలో అలాగే కూర్చుంది, నా పక్కన, నీళ్లు కూడా అడగకుండా. జనం ఒక్కొక్కరూ లేచి వెళ్లిపోయారు. నేను లేచాక లేచింది.